ఎవరి లోపము, ఎవరి క్షమ

భూమి మీద ఏ సంఘమును పరిపూర్ణము కాదు, లోపములను సహించి కలసి నడచుటయే క్రైస్తవ ధర్మము అను మాట మా ప్రాంతపు దేవాలయములలో తఱచుగా వినబడును. వినినప్పుడెల్ల నా మనస్సు కలత చెందుచున్నది. ఆ మాట అసత్యమని నేననను. గోదావరి యొడ్డున దుమ్ముగూడెము మొదలుకొని ఇటు డోర్నకల్ వఱకు నేనెఱిగిన సంఘములలో తగవు లేనిది, లెక్క తేలక మిగులనిది, కులపు వాసన బొత్తిగా సోకనిది ఒక్కటియు లేదు. సత్యమైన మాట విని మనస్సేల కలత చెందవలెను? ఆ మాట ఏ నోట, ఏ వేళ, ఎవరి పక్షమున వచ్చుచున్నదో అందే నా సందేహమంతయు నున్నది. పేదవాడు తప్పినప్పుడు మనకు క్రమశిక్షణ జ్ఞాపకము వచ్చును. పెద్దవాడు తప్పినప్పుడు సంఘము యొక్క అసంపూర్ణత జ్ఞాపకము వచ్చును. ఈ రెండు జ్ఞాపకములను ఇట్లు పంచిపెట్టిన దెవరు?

గోధుమలును గురుగులును కోతకాలము వఱకు కలసి యెదుగవలెనన్న ఉపమానమును, పేతురు బొంకిన రాత్రిని, కొరింథులో కలిగినవారు ముందే తిని త్రాగి లేనివారిని ఆకలితో నిలిపిన సంగతిని మన సండే స్కూలు పిల్లలు సైతము చెప్పగలరు. వీనినే మనము సహనమునకు ప్రమాణములుగా ఎత్తి చూపుదుము. కాని పొలము యజమాని గురుగులను పెఱుకవద్దని పనివాండ్ర నాపినది, గోధుమ మొక్కకు గాయమగునేమో యను భయముచేతనే. ఆ మాటలోని కనికరమంతయు గోధుమ కొఱకే గదా! మన కమిటీలలో ఆ ఉపమానము పలుకబడునప్పుడు గోధుమను గూర్చి తలంచువా రెవరు? పేతురు బొంకెను, కోడి కూసెను, అతడు వెక్కి వెక్కి యేడ్చెను. అందఱును బొంకుదురులే యని అతనిని ఊరడించినవారు లేరు. పౌలు కొరింథువారిని పరిశుద్ధులని సంబోధించుచునే వారి బల్లమీది అన్యాయమును పేరుపెట్టి చెప్పెను. సంబోధన మార్చలేదు, గద్దింపును మానలేదు. మనము ఈ రెంటిలో ఒకదానిని పెద్దలకును, రెండవదానిని పేదలకును కేటాయించుకొన్నాము.

ఈ సందేహము నాతో పుట్టినది కాదు. 303లో డయొక్లీషియన్ చక్రవర్తి క్రైస్తవుల గ్రంథములను అప్పగింపుమని శాసించినప్పుడు ఉత్తరాఫ్రికాలో కొందఱు గురువులు ప్రాణభీతిచే అప్పగించిరి. ఆ హింస చల్లారిన పిదప, అట్టివారి చేతి అభిషేకము చెల్లదనియు, పవిత్రుల సంఘమే సంఘమనియు వేఱుపడినవారు దొనాతీయులని ప్రసిద్ధులైరి. సంస్కారపు శక్తి క్రీస్తుది గాని దానినిచ్చు మనుష్యుని చేతిది కాదనియు, ఈ లోకమందలి సంఘము గోధుమయు గురుగులును కలసిన పొలమనియు అగస్టీను వారికి ప్రత్యుత్తరమిచ్చెను. ఆ వాదమే నేటికిని మనలను నిలుపుచున్నది. అది లేనిచో ఏ అయ్యగారి చేతి రొట్టెను ఏ ధైర్యముతో పుచ్చుకొందుము? ఇంతవఱకు నేను అగస్టీను పక్షమువాడనే. కాని కొంతకాలమునకు ఆ మహనీయుడే దొనాతీయులను రాజదండముచేత సంఘములోనికి మరల్చుట సమంజసమని అంగీకరించెను. 411లో కార్తేజి పట్టణమున ఉభయపక్షముల సభ జరిగెను, తీర్పు దొనాతీయులకు ప్రతికూలమాయెను, మఱుసటి యేట వారిపై జరిమానాల శాసనము వెడలెను. నుమిదియా పల్లెలలోని బీదసాదలు పెక్కుమంది ఆ వేఱుపడినవారిలోనే యుండిరి. లోపములను సహింపవలెనని బోధించిన సంఘము, పవిత్రతను అతిగా కోరుట యను లోపమును మాత్రము సహింపలేకపోయెను. సహనబోధకును అధికారమునకును ఇంత చుట్టఱికమేల యని నేను అడుగుకొనుచున్నాను.

మన గడ్డమీద కథ మఱియొక విధముగా మొదలైనది. 1860 ప్రాంతమున గోదావరి జలమార్గపు పనులమీద నున్న హేగ్ అను ఇంజనీరు ప్రేరణచే దుమ్ముగూడెమున కోయల మధ్య సువార్త పని ఆరంభమాయెను. దానిని తలకెత్తుకొన్నవారిలో ముఖ్యుడు వెంకటరామరాజు అను తెలుగువాడు. ఆ జలమార్గము తలపెట్టినట్లు పూర్తికాలేదు, సంఘము మాత్రము నిలిచినది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘమున బిషప్పైన మొదటి భారతీయుడుగా వేదనాయకం శామ్యూల్ అజరయ్య డోర్నకల్ పీఠమెక్కిన పిదప మాల మాదిగ పల్లెలు పల్లెలుగా బాప్తిస్మమునకు వచ్చెను. ఆయన కాలముననే ఆ అధ్యక్ష మండలములో సభ్యులు రెండు లక్షలు దాటిరి. అక్షరము రానివారిని, పాత అలవాట్లు విడిచీ విడువనివారిని ఇట్లు చేర్చుకొనుట తగునా యని నాడు ఆక్షేపించినవారు కలరు. అజరయ్యగారు చేసినదేమి? బాప్తిస్మము పొందిన ప్రతివానిని తన చేయి తన తలపై నుంచుకొని, సువార్త ప్రకటింపకున్న తనకు శ్రమ యని పలుకుమనిరి. నిన్నటి వెట్టివానికి, చదువు రాని పాలేరుకు, నీవు ఇంకను సంపూర్ణుడవు కావని చెప్పక, ఈ పని నీదియని చెప్పిరి. క్రమశిక్షణలో ఆయన మెత్తనివాడు కాదు. కుల భేదమును ప్రభువు బల్ల యొద్దకు రానీయరాదను పట్టుదల గలవాడు. అయినను ఆ చేర్చుకొనుటలో, అసంపూర్ణుడైన మనుష్యునికి తన శిరస్సుపై తానే చేయి యుంచుకొనుపాటి గౌరవము దక్కినది. లోపములను అంగీకరించుట యనగా ఇదియేనని ఒప్పుకొన్నచో, మన కమిటీలలో జరుగుచున్నదానికి పేరేమి?

నన్ను విడువక వెంటాడుచున్న సంగతి యొకటి చెప్పెదను. భద్రాచలమునుండి ఏటి వెంబడి ఎగువకు పోవు త్రోవలో, అడవి మొదలగుచోట, ఒక కోయపల్లెలో నా తండ్రి ఉపదేశిగా నుండెను. మా సంఘపు స్త్రీలు పొయ్యిమీద ఎసరు కాగుచుండగా, బియ్యము కడుగక మున్ను, పిడికెడు తీసి మూలనున్న కుండలో వేయుదురు. ఆదివారము దానిని గుడ్డలో మూటగట్టి తెచ్చి బల్ల ముందటి గంపలో పోయుదురు. దంపుడు బియ్యము, నూకలు, లేమి దినములలో జొన్నలు, అన్నియు ఆ గంపలో కలసిపోవును. ఆరాధన ముగిసిన పిదప సోలతో కొలిచి వేలము వేసి అమ్ముదురు. గుడి పైకప్పు కొఱకు ఏండ్ల తరబడి అట్లు కూడిన సొమ్ము సంఘ కోశాధికారి యొద్ద నుండెను. ఆయన రోడ్డు పక్క యూరిలో వ్యాపారము గలవాడు, పదిమందికి అప్పులిచ్చువాడు, మాట చెల్లువాడు. రేకులు కొనవలసిన వేళకు ఆ సొమ్ములో చాల భాగము కనబడలేదు.

ఆ రాత్రి గుడి వసారాలో కమిటీ కూర్చుండెను. పెట్రోమాక్సు దీపము మందగించినప్పుడెల్ల గాలి కొట్టుట పిల్లవాడనైన నా పని. అందుచే అంతయు వింటిని. కోశాధికారి చిట్టా తెఱచెను, మూసెను. ఎవరో దగ్గిరి. ఒక పెద్ద, మనమందఱమును పాపులమే గదా యనెను. మఱియొకడు, ఏ సంఘము మాత్రము పరిపూర్ణము, బయటివారు వినిన నవ్వుదురనెను. ప్రార్థన చేసిరి, ఆ విషయము ముగిసినది. రెండవ విషయము, మా పల్లెలోని ఒక వృద్ధుడు భూమి పండుగనాడు తన ఇంటిపేరు వారితో కలసి ఇప్పసారా త్రాగి డోలు వెంట ఆడెనన్నది. దానిపై ఉపమానములు రాలేదు. ఆఱు నెలలు సంస్కారమునకు దూరము చేసిరి. ఆ వృద్ధుని భార్యయే ప్రతి ఆదివారము, ఇంట బియ్యము లేనినాడు సైతము, జొన్నల మూట తెచ్చునది.

ఆ యెండకాలమందే తునికాకు కోత. పొద్దెక్కునప్పటికి ఆకు తెచ్చి, కట్టకు ఏబది చొప్పున పేర్చి, నారతో బిగించి, సాయంకాలము కల్లములో అప్పగింతురు. చెట్టునీడను ఆ వృద్ధుడు కట్టలు కట్టుచుండగా నేను దగ్గఱ కూర్చుంటిని. పైకి చెప్పరాని కోపము నాలో పొంగుచుండెను. నీకు కోపము రాలేదా తాతా యని అడిగితిని. ఆయన ఆకులు లెక్కించుట ముగించి, నార ముడి పంటితో లాగి బిగించి, అప్పుడు చెప్పెను:

“ఎలేసిన్రంటే ఇంటోణ్ననే గద చిన్నయ్యా. బయటోణ్ని ఎవడన్న ఎలేస్తడా? మీ నాయన వారం వారం మా గుడిసెకొచ్చి ప్రార్థన చేస్తుండు. ఆ పెద్దాయన ఇంటికి ఎవరు పోతున్నరు? ఆయన్ని ఎవరూ ఏమీ అడగలే. ఒక్కణ్ని జేసి ఇడిసిపెట్టిన్రు.”

ఈ మాట నన్ను అప్పుడు నిరుత్తరుని చేసినది, ఇప్పటికిని చేయుచున్నది. నేను ఇన్నాళ్లు కట్టుకొన్న వాదమంతయు, క్షమ పెద్దలకు, శిక్ష పేదలకు దక్కినదనియే. ఆ వృద్ధుని లెక్కలో క్షమింపబడినవాడు లేనేలేడు. శిక్షింపబడినవాడు బిడ్డగా ఎంచబడెను, శిక్షింపబడనివాడు పరాయివాడుగా వదలబడెను. సంఘము తన యసంపూర్ణతను అంగీకరించినానని తలంచిన యా రాత్రి, నిజమునకు ఒక మనుష్యుని అతని పాపముతో ఒంటరిగా నుంచి దీపమార్పి లేచిపోయినది.

అయినను ఇచ్చట నాకు భయము కలుగుచున్నది. దెబ్బ తిన్నవాడు చూపిన ఔదార్యమును దెబ్బ కొట్టినవాడు తనకు సమర్థనగా వాడుకొనుట లోకములో క్రొత్త కాదు. ఆ వృద్ధుడు మహానుభావుడైనంతమాత్రమున ఆ తీర్పు న్యాయమగునా? తన తాతలు విత్తనమునకు మ్రొక్కి భూమికి దింపిన పండుగలో నాలుగు గ్రుక్కలు త్రాగినందుకును, పదుల కుటుంబముల నోటి కూడు మాయమైనందుకును తూకము ఒక్కటేనా? కాదు. ఆ తీర్పు అన్యాయము. ఆయన దానిని ప్రేమగా మార్చుకొన్నాడు, అది ఆయన ఘనత గాని కమిటీ ఘనత కాదు. ఈ మాట వ్రాసి ఊఱట చెందుదమన్న, జక్కయ్య అడ్డము వచ్చుచున్నాడు. పన్ను వసూలులో జనులను పీడించిన ఆ ధనికుని ఇంటికి యేసు వెళ్లినప్పుడు, అతడింకను ఒక్క కాసు తిరిగి యిచ్చియుండలేదు. చేర్చుకొనుట ముందు, లెక్క తరువాత. జనసమూహము సణిగినది, నేను గుంపులో నుండినచో నేనును సణిగియుందును. బలవంతుని లోపమును సహింపరాదన్న నా నియమము ఆ యింటి గడప దగ్గఱ నిలువలేకున్నది.

నిలువకున్నను, ఆ గడప దగ్గఱనే నాకు దారి తోచుచున్నది. యేసు జక్కయ్య ఇంట అడుగుపెట్టినాడు; మా కమిటీ కోశాధికారి ఇంట అడుగుపెట్టలేదు. అడుగుపెట్టిన యింటిలో, అడుగకుండగనే నాలుగంతలు తిరిగి యిచ్చెదనన్న మాట పుట్టినది. అడుగుపెట్టని యింటిలో చిట్టా మూసియే యుండినది. కోశాధికారి తరువాత చాలకాలము ముందు వరుసలోనే కూర్చుండెను, అందఱును నమస్కరించిరి. ఆయన చనిపోయినప్పుడు సమాధి తోటకు జనము నిండుగా వచ్చిరి. నా తండ్రి వార్ధక్యమున ఒకమాఱు, ఆ కాలమున కోయ గుడిసెకు వారము వారము వెళ్లిన తాను ఆ మేడకు ఒక్కనాడును వెళ్లలేకపోతినని, జీతము తెగునేమో యన్న భయము కంటె ఆ పెద్దమనిషి ముఖము చూడ సిగ్గే తన్ను ఆపినదని చెప్పెను. తప్పు చేసినవాని ముఖము చూడ మనకు కలుగు సిగ్గునే మనము సహనమని పిలుచుకొనుచున్నామేమో.

కావున నేను చేరిన తీర్పు ఇది. లోపముగలవానిని చేర్చుకొనుట వేఱు, అతని లోపమును కప్పిపెట్టుట వేఱు. మొదటిది ఇంటికి నడచిపోవును, రెండవది ఇల్లు చూడక తప్పించుకొనును. కోయ గుడిసెకైనను, వ్యాపారి మేడకైనను, పోయి పేరుపెట్టి అడిగి, అడిగిన పిదప ప్రక్కన మోకరించువాడే సంఘము అసంపూర్ణమను మాట పలుకుటకు అర్హుడు. ఇక క్షమను గూర్చి ఒక మాట. ఆ రాత్రి వసారాలో కూర్చున్నవారిలో ఒక్క స్త్రీయైనను లేదు. ఎసరు కాగుచుండగా తన బిడ్డల కూటిలోనుండి పిడికెడు తీసినవారు లేని సభ ఆ బియ్యమును క్షమించినది. అది ఆ పెద్దల సొత్తు కాదు. దానిని మన్నించు అధికారము వారికి లేదు. సంఘ పెద్దలకు నా విన్నపము: మీ లెక్కలను మొదట ఆ స్త్రీల యెదుట బిగ్గఱగా చదువుడు, మన్నింపవలసి వచ్చినచో వారిని మన్నింపనిండు. వారు మన్నించువఱకు, మనమందఱము పాపులమే యను మాట మీ నోట రానీయకుడు.