చెరలో పుట్టిన పాట

దేవుణ్ణి స్తుతించే పాటను ఆయన ఆలయం లేని చోట, శత్రువు అడిగితే పాడవచ్చా అన్నది 137వ కీర్తనలోని ధర్మసంకటం. క్రీ.పూ. 586లో యెరూషలేము కూలింది. బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లే సీయోను పాటలు వినిపించమన్నారు. బందీలు సితారాలను నిరవంజి చెట్లకు తగిలించేశారు.

పదహారో శతాబ్దంలో ఈ కీర్తన మీదుగా ఇద్దరు స్వరకర్తలు మాట్లాడుకున్నారు. హబ్స్‌బర్గ్ చక్రవర్తి ఆస్థాన సంగీతకారుడు ఫిలిప్ డి మోంటె 1583లో ఎనిమిది గొంతుల లాటిన్ మోటెట్ అనే భక్తి బృందగీతం కట్టి, ఇంగ్లండ్‌లోని విలియం బర్డ్‌కు పంపాడు. బర్డ్ ఎలిజబెత్ రాణి ప్రార్థనామందిరంలో గాయకుడు, కానీ కాథలిక్. అప్పటి ఇంగ్లండ్‌లో కాథలిక్ ఆరాధన నిషిద్ధం. సొంత దేశమే ఆయనకు పరాయి నేల. మోంటె చరణాల వరుస మార్చి, వాద్యాలు చెట్లకు వేలాడటంతో ముగించాడు. 1584లో బర్డ్ పంపిన జవాబు కూడా ఎనిమిది గొంతులదే. అది నేరుగా పరాయి నేలలో ఎలా పాడతామన్న కీర్తనలోని ప్రశ్నతో మొదలై, యెరూషలేమును మరవనన్న ఒట్టులోకి సాగుతుంది. అందులో మూడు గొంతులు ఒకే వరుసను ఒకదాని వెనుక ఒకటి అందుకుంటాయి. ఒక గొంతు మాత్రం దాన్ని తిరగేసి, మిగతావి పైకి వెళ్లే చోట కిందికి దిగుతుంది. పసిబిడ్డల మీద పగ కోరే చివరి మాటల జోలికి ఇద్దరూ పోలేదు.

పాడలేమన్న మాటనే ఇంత శ్రద్ధగా పాడటం వైరుధ్యం కాదు. చెరపట్టినవాడి వినోదానికి పాడటం వేరు, దేవుడికి మొర పెట్టుకోవడం వేరు. కీర్తన కాదన్నది మొదటిదాన్నే. దేవుణ్ణి నిలదీయాలన్నా వినేవాడున్నాడన్న నమ్మకం కావాలి కదా! అందుకే విలాపం అవిశ్వాసం కాదు, ప్రార్థనే.

పరాయి నేలలో దేవుణ్ణి పిలవాల్సిన స్థితి తెలుగువాళ్లకూ ఎదురైంది. 1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడ్డాక జంషెడ్‌పూర్‌కు తెలుగువాళ్లూ వచ్చారు. బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకున్నారు. వాళ్లను తెచ్చింది చెర కాదు, బతుకుతెరువు. ఆ తేడాను చెరిపేయకూడదు. అయినా సొంత భాషలో దేవుణ్ణి పిలవాలన్న ఆరాటం ఒకటే. అక్కడి కాథలిక్ డయోసిస్ 1962లో ఏర్పడింది. అదే ఏడు అక్టోబరులో మొదలైన రెండో వాటికన్ మహాసభ ప్రాంతీయ భాషల్లో ఆరాధనకు తలుపు తెరిచింది.

తెలుగులో ఆ దారి అంతకుముందే పడింది. పురుషోత్తమ చౌధరి (1803–1890) క్రైస్తవ కీర్తనలను మన రాగతాళాల్లోనే కట్టాడు. 137వ కీర్తనను బృందగానంగా మలచాలనుకునే తెలుగు స్వరకర్త బర్డ్‌ను శ్రద్ధగా వినాలి, పాటను మాత్రం చౌధరి బాటలో కట్టాలి.