వేరుగా ఉండటం భ్రమేనా?

ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతు చేత రాత్రి నీళ్లలో ఉప్పు వేయిస్తాడు. తెల్లారేసరికి ఉప్పు కంటికి కనబడదు. పైన, నడుమ, అడుగున ఎక్కడ చవి చూసినా తగులుతుంది. ఉన్నదంతా ఒకటేననడానికి ఇంతకు మించిన దృష్టాంతం దొరకదు. అయితే అదే ఉప్పునీటిలో ఒక ఎర్ర రక్తకణాన్ని ఉంచితే ఆ దృష్టాంతం తాకని సంగతి ఒకటి బయటపడుతుంది. జీవి తన చుట్టూ ఉన్నదాని నుంచి వేరుగా నిలవడాన్ని భ్రమ అనలేం. అది క్షణక్షణం జరిగే పని.

శుద్ధజలంలో పడిన ఎర్రకణం నీరు పీల్చుకుని ఉబ్బి పగులుతుంది. చిక్కటి ఉప్పునీటిలో నీరు పోగొట్టుకుని ముడుచుకుపోతుంది. 0.9 శాతం ఉప్పున్న సెలైన్‌లో ఆకారం నిలుస్తుంది. ఇది చూసి సమత్వమే ప్రాణమని తేల్చేయడం తొందరపాటు. కణపు పొర గుండా నీరు కదిలే ద్రవాభిసరణకు లెక్క కరిగిన రేణువుల మొత్తమే, వాటి జాతి కాదు. మొత్తం సమానంగా ఉన్నప్పుడు కూడా కణం లోపల పొటాషియం బయటికన్నా ఇరవై రెట్లకు పైగా ఎక్కువ. సోడియం బయట ఎక్కువ. ఈ తేడాను నిలిపేది 1957లో యెన్స్ స్కౌ వెల్లడించిన పంపు. కణానికి శక్తినిచ్చే ఒక్కో ఏటీపీ అణువు ఖర్చుతో అది మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. పంపు ఆగిందా, లోపల చిక్కుకున్న ప్రొటీన్ల వైపు నీరు చేరి కణం ఉబ్బుతుంది. బ్లడ్ బ్యాంకు చలిలో పంపు మందగించి, నిల్వ రక్తంలో పొటాషియం మెల్లగా బయటికి వస్తుంది.

భౌతికశాస్త్రం నుంచి తత్త్వం పుడుతుందా? పుట్టదు. కానీ ఉప్పూ నీళ్లను సాక్ష్యానికి పిలిచిన వాదాన్ని అదే ఉప్పూ నీళ్లతో పరీక్షించడం న్యాయమే. ఇదంతా దేహం సంగతి, ఆత్మది కాదనవచ్చు. కానీ నామరూపాలు మిథ్య అన్న అద్వైతుల మాట దేహాల గురించే కదా. ఇక అద్వైతి వేసే ప్రశ్న బరువైనది: ఆగితే పోయేది సత్యమెలా అవుతుంది? తాడును పామనుకున్నప్పుడు, తాడని తెలియగానే పాము మాయమవుతుంది. పంపు గురించి ఎంత తెలిసినా కణం మాయం కాదు. శక్తి అందకపోతేనే పోతుంది. జ్ఞానంతో తొలగేదాన్నీ, శ్రమ ఆగితే పోయేదాన్నీ ఒకే గాటన కట్టకూడదు. లోకవ్యవహారంలో నిలిచే వ్యావహారికానికీ, ఆ పాములా తోచి పోయే ప్రాతిభాసికానికీ భేదం అద్వైతంలో ఉన్న మాట నిజమే. కానీ వ్యావహారికం కూడా చివరికి జ్ఞానంతోనే బాధితమవుతుందని, అంటే తొలగిపోతుందని అంటారు. నేను ఒప్పుకోలేనిది ఆ చివరి మెట్టునే. బతికుండగానే ముక్తుడైన జీవన్ముక్తుడి దేహం జ్ఞానం కలిగాక కూడా ప్రారబ్ధం వల్ల నిలుస్తుందని చెప్పినప్పుడు, జ్ఞానం ఆపలేనిది ఒకటుందని ఆ సంప్రదాయమే అంగీకరించినట్టయింది.

ఇంతమాత్రాన ఉద్దాలకుడు ఓడిపోలేదు. నీరు కణపు పొరను యథేచ్ఛగా దాటుతుంది; దాని మార్గాన్ని పీటర్ ఆగ్రే బృందం ఎర్రకణాల్లో దొరికిన ప్రొటీనులోనే కనుగొంది. ఏ కణానికీ సొంత నీరంటూ లేదు. ఏకత్వంలోనే భేదాన్ని నిలిపిన రామానుజుల దర్శనం ఈ చిత్రానికి దగ్గరగా వస్తుంది. అయితే ఆయన జీవుణ్ణి నిత్యుడన్నారు. ఎర్రకణం ఆ మాటకు సాక్ష్యం చెప్పదు.