హన్నా కుట్టిన చిన్న అంగీ

ధ్యానభాగము: 1 సమూయేలు 2:11–26



ఏలీ యింటి సంగతి మనమందరము ఎరిగినదే. గాని అందులో ఒక విషయమును మనము త్వరగా దాటిపోవుచుందుము. షిలోహులో ఆ వృద్ధ యాజకుని చేతిక్రింద పరుల బిడ్డ యొకడు పెరిగెను. ఆ బిడ్డ సమూయేలు. దేవునికిని మనుష్యులకును ఇష్టుడై వాడు ఎదిగెను. అదే చోట, అదే యాజకునికి పుట్టిన హొఫ్నీ, ఫీనెహాసు అనువారు చెడిపోయిరి. పరుల బిడ్డ నిలిచెను, కన్నబిడ్డలు కూలిరి. కథ అంతటితో ముగియలేదు. సమూయేలు పెద్దవాడై యేటేట ఊరూర తిరిగి ఇశ్రాయేలీయుల తగవులు తీర్చెను. ఆయన కుమారులును తండ్రి నడిచిన దారిని నడువలేదని 8వ అధ్యాయములో చదువుచున్నాము.

కాబట్టి ఒక ప్రశ్న మన యెదుట నిలుచుచున్నది. దేవుని పేరట పరుల బిడ్డలను సాకువారు తమ కన్నబిడ్డలకు ఏమి ఋణపడియున్నారు? ఆ ఋణము తీర్చుటకు సమయము చాలనప్పుడు ఎవరి పాలు తగ్గింపవలెను?

ఇది మన కర్నూలు, కడప సీమలకు పరాయి ప్రశ్న కాదు. వానకొరకు ఆకాశమువైపు చూచి బ్రదుకు సీమలు మనవి. 1876 మొదలు 1878 వరకు వచ్చిన కరువును మన పెద్దలు ధాత కరువని చెప్పుకొనిరి. 1871 జనాభా లెక్కకును 1881 లెక్కకును నడుమ కర్నూలు జిల్లా జనములో సుమారు నాలుగవవంతు తగ్గిపోయెను. తల్లిదండ్రులను పోగొట్టుకొనిన బిడ్డలు అన్నముకొరకు మిషను బంగళాల వాకిళ్లకు వచ్చిరి. ఆ కాలమందును ఆ తరువాతను కడప, జమ్మలమడుగు ప్రాంతములలో లండన్ మిషనువారు, నంద్యాల, ముత్యాలపాడు ప్రాంతములలో ఎస్.పి.జి. మిషనువారు, కర్నూలు, కంభము ప్రాంతములలో అమెరికన్ బాప్టిస్టు మిషనువారు పనిచేసిరి. బోర్డింగు బడులు పెరిగెను. నేడు మన సంఘములలో తాతల పేర్లు చెప్పుకొను కుటుంబములు కొన్ని అట్టి బోర్డింగు అన్నముతో నిలిచినవే.

ఆ అన్నము పెట్టిన దొరగారికిని దొరసానమ్మగారికిని పిల్లలుండిరి. వారి సంగతి మనము అడుగుట అరుదు. ఎండకును జ్వరములకును భయపడి, చదువు సాగదని తలంచి, ఆరేండ్లు ఏడేండ్లు నిండగానే అనేకులు తమ బిడ్డలను ఓడ యెక్కించి స్వదేశమునకు పంపిరి. మిషనరీల కుమార్తెలకొరకు 1838లోను, కుమారులకొరకు 1842లోను లండను దగ్గర వాల్తంస్టోలో బడులు పెట్టవలసివచ్చెననిన యెడల, ఎందరు బిడ్డలు ఈలాగు విడువబడిరో గ్రహింపవచ్చును. ఉత్తరము చేరుటకు వారములు పట్టెడిది. తల్లి మరల చూచునాటికి బిడ్డ గొంతు మారిపోయెడిది. 1901లో కొడైకెనాలు కొండమీద మిషనరీ పిల్లలకు బడి యేర్పడిన తరువాత కొందరికి ఈ దూరము తగ్గెను గాని ఎడబాటు పోలేదు. మన తాతలకు గోరుముద్దలు పెట్టిన చేతులు తమ బిడ్డలకు అన్నము కలిపిపెట్టలేకపోయెను. ఇది మనము ఎన్నడును లెక్కవేయని అప్పు.

మన కడప సీమవారు పెద్ద జబ్బు వచ్చినయెడల రాయవేలూరు ఆసుపత్రికి పోవుదురు. ఆ ఆసుపత్రిని ఆరంభించిన డాక్టరు ఐడా స్కడ్డరుగారు 1870లో రాణిపేటలో పుట్టిరి. ఆమె తాతయు తండ్రియు మిషనరీ వైద్యులే. ఆ ధాత కరువు కాలములోనే, చిన్నపిల్లయై యుండి, ఆకలితో సొమ్మసిల్లిన పిల్లలకు ఆమె రొట్టె ముక్కలు అందించిరి. తరువాత ఆమెను అమెరికాలో బంధువుల యింట విడిచి తల్లి ఇండియాకు తిరిగివచ్చెను. ఆ రాత్రి ఆ బాలిక తల్లి పండుకొనిన మంచముమీద పడి యేడ్చెనని ఆమె జీవితచరిత్ర చెప్పుచున్నది. తాను మిషనరీని కానని ఆమె గట్టిగా తీర్మానించుకొనెను. 1890లో జబ్బుపడిన తల్లికి ఉపచారము చేయుటకు తిండివనము వచ్చినప్పుడు, స్త్రీ వైద్యులు లేనందున ఒక్క రాత్రిలో ముగ్గురు స్త్రీలు కాన్పు కష్టముతో చనిపోవుట ఆమె మనస్సును త్రిప్పెను. వైద్యము చదివి 1900లో తిరిగివచ్చి ఒక్క మంచముతో పని ఆరంభించిరి.

ఇది చదివి, "చూడుడి, తల్లి విడిచిపోయినందుననే ఇంత మేలు కలిగెను గదా" అని కొందరందురు. అట్లు చెప్పుటకు మనకు అధికారము లేదు. యోసేపు తన అన్నలతో ఏమి చెప్పెనో ఆదికాండము 50:20లో చూడుడి. వారు తలపెట్టినది కీడు. దానిని మేలుగా త్రిప్పినవాడు దేవుడు. దేవుడు మేలుగా త్రిప్పినందున గుంటలో పడద్రోయుట న్యాయమైనది కాలేదు. ఆ తల్లి యోసేపు అన్నలవంటిది కాదు. ఆమెయు ఏడ్చియే పోయియుండును. అయినను గాయము గాయమే. దేవుడు దానిని మాన్పెనని చెప్పవచ్చును. గాయము లేనేలేదని మనము చెప్పరాదు.

వేరొక విధముగా చేసినవారును కలరు. 1903లో నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టు సంఘములు జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పంపెను. చెరకు తోటలలోను తేయాకు తోటలలోను కూలిపనికి పోయిన తెలుగువారికి ఆయన కాపరియాయెను. ఆయన తన కుటుంబమును వెంటబెట్టుకొనియే పోయెను. ఆ యేడు డిసెంబరు 27న కియర్స్నీలో మొదటి సంఘమేర్పడెను. 1915లో ఆయన ప్రభువునందు నిద్రించెను. తరువాతి కాలములో ఆయన కుమారుడొకడు అదే దేశములో అదే సంఘములకు సేవచేసెను.

అయితే బిడ్డలను వెంట తీసికొనిపోయినంతమాత్రమున చిక్కు తీరిపోదు. అనాథ శరణాలయములో కాపురముండు దంపతుల బిడ్డ సంగతి ఆలోచింపుడి. వాని అమ్మను నలువదిమంది "అమ్మా" యని పిలుతురు. వానికి జ్వరము వచ్చిన రాత్రియే వేరొక బిడ్డకును జ్వరము రావచ్చును. తల్లి వానికి ఒక చొక్కా ఎక్కువ కుట్టించినయెడల తక్కినవారి కండ్లు కలుక్కుమనును. అందరితో సమానముగా వరుసలో నిలువబెట్టినయెడల, "నాకు అమ్మ యేది?" అని వాని మనస్సు అడుగును. ఈ రెండింటిలో ఏది న్యాయము?

నాకు తోచిన మాట యిది. అన్నములో, బట్టలో, బడిలో, శిక్షలో భేదముండరాదు. యాకోబు పక్షపాతము యోసేపుకు ఎంత చేటు తెచ్చెనో మనకు తెలియును. గాని తల్లి ఒడి గంజికుండ వంటిది కాదు, గరిటెతో కొలిచి పంచుటకు. కన్నబిడ్డకు తల్లితో ఒంటరిగా కూర్చుండు గడియ యుండవలెను. తలుపు మూసికొని మాటలాడుకొను గది, చిన్నదైనను, ఉండవలెను. ఇది అనాథ బిడ్డలకు అన్యాయమని తలంచవద్దు. తల్లి లేని బిడ్డకు, మరియొక బిడ్డ తల్లిని పోగొట్టుకొనుట చూచినందున ఊరట కలుగదు. ఇల్లు అనగా ఎట్లుండునో, తల్లి బిడ్డను ఎట్లు ఆదరించునో వాడు ఒక్కచోటనైన కన్నులార చూడవలెను. లేనియెడల రేపు తన బిడ్డలకు ఇల్లు కట్టుట వాడెవరియొద్ద నేర్చుకొనును?

"ప్రభువు నిమిత్తము బిడ్డలను విడిచినవారికి నూరంతలు కలుగునని మార్కు 10వ అధ్యాయములో లేదా?" అని అడుగుదురు. ఉన్నది. అదే మార్కు 7వ అధ్యాయములో కొర్బాను సంగతియు ఉన్నది. తల్లిదండ్రులకు చెందవలసినదానిని దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకొనువారిని ప్రభువు గద్దించెను. తల్లిదండ్రుల పాలు అట్లు ఎగవేయుట తప్పయినయెడల, బిడ్డల పాలు ఎగవేయుట ఒప్పగునా? తన యింటివారిని ఆదుకొననివాని విషయములో పౌలు ఎంత కఠినముగా వ్రాసెనో 1 తిమోతి 5:8లో చదువుడి. నా సుఖమును, నా జీతమును, నా పేరును నేను అర్పింపవచ్చును, అవి నావి. నా బిడ్డకు తల్లియో తండ్రియో ఉండుట నా బిడ్డ సొత్తు. మరియొకరి సొత్తును అర్పించి దానిని నా త్యాగమనుకొనుట తగదు.

ఇంతవరకు మిషనరీల సంగతి చెప్పుకొంటిమి. ఇక మన సంగతి. రాజంపేట, రాయచోటి వైపునుండి కొన్ని దశాబ్దములుగా ఎందరో తల్లులు కువైటుకు పోయి పరుల యిండ్లలో పనిచేయుచున్నారు. అక్కడ పరుల బిడ్డలకు స్నానము చేయించి, అన్నము పెట్టి, జోకొట్టుచున్నారు. వారి బిడ్డలు ఇక్కడ జేజి దగ్గరనో, మేనత్త దగ్గరనో, లేక హాస్టలులోనో పెరుగుచున్నారు. బోరు ఎండిపోయి, అప్పు నెత్తిమీదికి వచ్చి, ఆడపిల్ల పెండ్లి ముందుండి పోయిన తల్లులు వారు. వారిని తప్పుపట్టుటకు ఈ మాటలు వ్రాయుట లేదు. అప్పు పెరుగుచున్నప్పుడు చేయి చాపి ఆదుకొనని మనము, ఆమె విమానమెక్కిన తరువాత నిందించుటకు తగము. గాని ప్రశ్న ఒక్కటే: దూరముననున్న తల్లి తల్లిగా నిలుచుట ఎట్లు?

ఇక్కడ హన్నాను చూడుడి. ఆమె తన బిడ్డను మందిరములో విడిచెను. అయితే ఏటేట ఒక చిన్న అంగీ కుట్టి తెచ్చి యిచ్చుచుండెను (1 సమూయేలు 2:19). అంగీ కుట్టుటకు కొలత తెలియవలెను. నిరుడు ఇంత యుండెను, ఈ యేడు భుజము ఇంత పెరిగియుండును అని ఆమె రామాలో కూర్చుండి మనస్సులో కొలుచుకొనియుండును. బిడ్డ కంటికి దూరమాయెను గాని ఆమె లెక్కకు దూరము కాలేదు. కువైటునుండి వచ్చిన పెట్టెలోని చొక్కా బిడ్డకు పొట్టియైనప్పుడు ఆ తల్లి ఎంత కుములునో మనకు తెలియును. నేడు ఫోనులో మొగము చూచుకొను వసతి కలదు. "డబ్బు అందినదా?" అని అడుగుటకు ముందు, "నీ స్నేహితుడెవడు? నిన్న ఎందుకు ఏడ్చితివి? ఎంత పొడుగైతివి?" అని అడుగుడి. అదే అంగీ కొలత.

సంఘమునకును ఇందులో పాలు ఉన్నది. శరణాలయములోనో హాస్టలులోనో పనిచేయు దంపతులను "దేవుని మనుష్యులు" అని పొగడి ఊరకుండుట మన అలవాటు. వారములో ఒక సాయంకాలము ఇద్దరు ముగ్గురు పెద్దలు పోయి అక్కడి బిడ్డలతో కూర్చుండి, ఆ దంపతులను తమ బిడ్డలతో విడువవచ్చును. ఇందుకు చందా యక్కరలేదు. తల్లి విదేశములోనున్న యింటికి ఒక ముసలి జేజి భారము మోయుచున్నయెడల, స్త్రీల సమాజము ఆ గడప తొక్కవలెను.

మరియొక మాట. పేదరికము చేతనే బిడ్డను శరణాలయములో చేర్చుటకు మనము తొందరపడరాదు. 2015లో వచ్చిన బాలల న్యాయ చట్టము కూడ, బిడ్డకు కుటుంబమే మొదటి చోటనియు, శరణాలయము చివరి దారియనియు చెప్పుచున్నది. ఆ బిడ్డ పుస్తకములకును అన్నమునకును సంఘమే చేయి అందించినయెడల, వాడు తల్లియొద్దనే యుండును. దూరదేశమునుండి ఎవరో తమ బిడ్డలను విడిచి వచ్చి మన బిడ్డను సాకవలసిన పని అంతమేరకు తగ్గును.

ఏలీ పరుల బిడ్డకు దేవుని స్వరము వినుట నేర్పెను. ఆ మేలు దేవుని గ్రంథములో వ్రాయబడియున్నది. ఆయన కన్నబిడ్డల కథయు అదే పుటలలో వ్రాయబడియున్నది. ఒకదానిని చూపి మరియొకదానిని కొట్టివేయుటకు వీలులేదు. మనము సాకిన బిడ్డలనుగూర్చియు, కన్నబిడ్డలనుగూర్చియు ప్రభువు మనలను అడుగును. ఆ దినమున ఈ రెండు లెక్కలును చేతబట్టుకొని నిలుచుటకు ఆయన మనకు కృప దయచేయును గాక. ఆమేన్.