ఖాళీగా దొరికిన చోటు

అమెరికాలో 30 ఏళ్లు ఉద్యోగం చేసి తిరిగొచ్చిన ఒక పెద్దాయనకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. అక్కడున్నన్నాళ్లూ చలికాలం రాగానే పడకా పొయ్యీ ఉన్న పెద్ద బండి తోలుకుని ఫ్లోరిడాకో, టెక్సాస్ తీరానికో పోయి, ఇంటి దగ్గర మంచు కరిగేదాకా అక్కడే గడిపిన మనిషి. ఇక్కడికొచ్చినా ఆ అలవాటు పోలేదు. చెన్నైలో ఒక వ్యాను కొని, అందులో పడక, పొయ్యి, నీళ్ల తొట్టి అమర్పించుకుని, భార్యను వెంటబెట్టుకుని నెల్లూరు తీరానికి బయల్దేరాడు. సంక్రాంతి దాకా సముద్రం ఒడ్డునే ఉండాలని ఆయన కోరిక.

చోటు ఎంచుకోవడంలో ఆయన ఆషామాషీ మనిషి కాదు. ఏమేం చూడాలో ముందే నోటు పుస్తకంలో రాసిపెట్టుకున్నాడు. నేల చదునుగా ఉండాలి, చక్రం దిగబడకూడదు, మంచినీళ్లు దగ్గరుండాలి, రొద ఉండకూడదు, తలుపు తీస్తే సముద్రం కనపడాలి. ఆ జాబితాలో తప్పు పట్టడానికేమీ లేదు, ఎవరైనా అవే చూస్తారు. రామతీర్థం చూశాడు. మైపాడు చూశాడు, ఆదివారం నాడు నెల్లూరు సగం అక్కడే ఉంది. కొత్తకోడూరు దగ్గర సరుగుడు తోట నీడ నచ్చింది గానీ సముద్రం చెట్ల చాటున పడింది. ఇంకోచోట అన్నీ కుదిరాయి అనుకుంటే, పక్కన రొయ్యల గుంటల్లో ఏరేటర్లు రాత్రంతా మోగుతూనే ఉన్నాయి.

సెప్టెంబరు నెలాఖరున, ఇంకా దక్షిణంగా పోయాక, కోరుకున్నవన్నీ ఒకేచోట దొరికాయి. ఒక పట్టపుపాళెం, అంటే జాలర్ల పల్లె, దాని పక్కన సన్నటి ఏరు, ఏటికీ సముద్రానికీ నడుమ అరచేయిలా చదునైన ఇసుక మేట. ఇసుక గట్టిపడి ఉంది, వ్యాను బరువుకు చక్రం దిగలేదు. ఒక పక్క నిలిచిన ఏటినీళ్లు, ఒక పక్క అలలు. అంత మంచి చోట ఒక్క గుడిసె లేదు. పాళెం ఇళ్లన్నీ ఇసుక దిబ్బకు అవతలి పక్క, తాటిచెట్ల మధ్య ఇరుకిరుకుగా ఉన్నాయి. కళ్లెదుట ఉన్నదాని విలువ వీళ్లకు తెలియదు పాపం అనుకున్నాడు పెద్దాయన.

ఆ మేట మీద పగటిపూట ఒక ముసలమ్మ చేపలు ఎండబెట్టుకునేది. పొద్దు వాలగానే అన్నీ గంపకెత్తుకుని దిబ్బ దాటి పోయేది. ఆమె నీళ్లు తోడుకునే దొరువు ఆ దిబ్బ వెనకే ఉంది. వెడల్పాటి గుంత, లోతు మోకాటి దాకా. తెల్లారేసరికి అందులో ఊరిన నీళ్లను ఆమె కొబ్బరి చిప్పతో పైపైన, అడుగు కదలకుండా, బిందెలోకి ముంచుకునేది. బిందె నిండడానికి చాలాసేపు పట్టేది. ఇంకాస్త లోతు తవ్వుకుంటే ఈ అవస్థ ఉండదు కదా అని పెద్దాయనకు జాలేసింది. ఆ పక్కనే కూలీలను పెట్టి, సిమెంటు వరలు దించి, మోటారు వేయించాడు. రెండు రోజులు మంచినీళ్లు ధారగా పడ్డాయి. మూడో రోజు టీ ఉప్పగా ఉంది. నాలుగో రోజు సబ్బు నురగ రాలేదు.

ఆ ఇసుకలో మంచినీళ్లంటే ఇంకిన వాన నీళ్లే. అవి తేలిక కాబట్టి కిందనున్న ఉప్పునీళ్ల మీద పలచగా నిలుస్తాయి. పైనుంచి నిదానంగా తీసుకుంటే అందుతూనే ఉంటాయి, లోతునుంచి గబగబా లాగితే కిందిది పైకొస్తుంది. బాపట్ల ఇసుక నేలల్లో రైతులు ఈ లెక్క తెలిసే దొరువుల మీద పైర్లు పండించుకుంటూ వచ్చారు. ముసలమ్మ దొరువుకూ ఉప్పు తగిలింది. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు, కాస్త ఎడంగా పోయి ఇంకో గుంత తీసుకుంది. పెద్దాయన మోటారు పీకించి, టౌను నుంచి నీళ్ల డబ్బాలు తెప్పించుకున్నాడు. నీటి సంగతి పుస్తకంలో ఎక్కించాడు గానీ, మేట మీద మాత్రం ఆయనకు ఏ అనుమానమూ రాలేదు.

దసరా వెళ్లాక పాళెం మగవాళ్లు పడవలకు తాళ్లు కట్టి దిబ్బ మీదికి లాగారు. ముసలమ్మ చేపలు తాటిచెట్ల కిందికి మారాయి. మేట మొత్తం పెద్దాయనకే మిగిలింది. తన కోసమే తప్పుకున్నారని మురిసిపోయి ఆయన పాళెం పిల్లలకు మిఠాయి పంచాడు. ఒకరిద్దరు వచ్చి అక్కడ ఉండొద్దని చెప్పకపోలేదు. ఆయన నవ్వేసి ఊరుకున్నాడు. ఫ్లోరిడాలో తుపాన్ల కాలం జూన్‌లో మొదలై నవంబరుతో ముగుస్తుంది, చలికాలంలో తుపాన్ల బెడద ఉండదు. ఆయన ఒంట్లో ఉన్నది ఆ క్యాలెండరు. నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యనే కురుస్తుంది. 1984లో శ్రీహరికోట దగ్గర, 1989లో కావలి దగ్గర తీరం దాటిన పెద్ద తుపాన్లు రెండూ నవంబరులో వచ్చినవే.

ఆ యేడు వచ్చింది తుపాను కూడా కాదు, ఉత్త వాయుగుండం. మూడు రోజులు వాన పట్టింది. ఎగువన చెరువుల కలుజులు పారాయి, ఏరు నిండింది, ముందుకు పోదామంటే మేట అడ్డం. అర్ధరాత్రి దాటాక నీళ్లు మేటను ఒక మూల కోయడం మొదలుపెట్టాయి. పాళెం వాళ్లు టార్చిలైట్లు, మోకులు పట్టుకొచ్చి మొగుడూ పెళ్లాలిద్దరినీ దిబ్బ ఎక్కించారు. కోత గండి అయింది, గండి ఏరు సముద్రంలో కలిసే మొగ అయింది. తెల్లారి చూస్తే మేట లేదు. అక్కడ ఏరు ఎర్రగా సముద్రంలోకి పారుతోంది. వ్యాను చాలా దూరాన, ఇసుకలో సగం కూరుకుని పక్కకు ఒరిగి ఉంది.

పెద్దాయనకు వింతగా తోచింది ఇంకొకటుంది. ట్రాక్టరు కట్టి వ్యాను లాగుతున్న పాళెం వాళ్ల ముఖాల్లో సంతోషం. మొగ తెరుచుకుంటేనే సముద్రం నుంచి చేపలూ రొయ్యలూ ఏటిలోకి ఎక్కుతాయి. దానంతట అది తెరుచుకోని యేడు వాళ్లే పారలు పట్టి ఆ మేటను తవ్వేస్తారు.

సముద్రం ఒడ్డున నీళ్లయినా నేలైనా మనకు కనపడేది పై పొర, అదీ ఒక్క కాలానికి సరిపోయేది. అందుకని గుడారం వేయబోయేవాడు తన జాబితా చూసుకునే ముందు, ఇంత మంచి చోటు ఎందుకు ఖాళీగా ఉందని అక్కడ ఏడాది పొడుగునా బతికేవాళ్లను అడగాలి. అడగడానికి మొహమాటమైతే వాళ్ల ఇళ్లు ఎక్కడున్నాయో, పడవలు ఏ నెలలో ఎంత ఎత్తుకు లాగారో చూసినా చాలు.