తోటివాని శ్రమకు విలువ కట్టుట

కళాశాలలలో నేడు నలుగురైదుగురు విద్యార్థులకు కలిపి ఒకే పనిని అప్పగించి, అది ముగిసిన పిదప ఒకరికొకరు మార్కులు వేసికొనుమను పద్ధతి కలదు. ఇందొక ధర్మసందేహము పుట్టును. పనిలో చేయి కలుపని మిత్రునకు ఎన్ని మార్కులు వేయవలెను?

గుంపులో శ్రమ సన్నగిల్లుట క్రొత్త విషయము కాదు. ఫ్రాన్సు దేశపు వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్మాన్ 1913లో ప్రకటించిన లెక్కలలో, ఎనమండుగురు కలసి లాగినపుడు ఒక్కొక్కని బలము అతని ఒంటరి బలములో సుమారు సగమునకు తగ్గినది. ఎవరి పాలు ఎంతయో విడిగా తెలియునపుడు ఈ అలసత్వము పోవునని, అమెరికాలో విద్యార్థులచే కేకలు వేయించి జరిపి 1981లో ప్రకటించిన పరీక్షలలో తేలినది. కావున మార్కులు వేయుట తగవు పెట్టుట కాదు, శ్రమను గుర్తించుట.

అందరికి సమానముగా వేయుట దయవలె కనిపించును. కాని అది రాత్రులు మేలుకొని వ్రాసినవాని ఫలమును వ్రాయనివానికి పంచిపెట్టుటయే. పరుల సొత్తును దానము చేయుటకు మనకు అధికార మెక్కడిది?

అట్లని చివరిదినమున చాటుగా సున్న చుట్టుటయు ధర్మము కాదు. మొదటి వారమందే అతనితో ఎదురుగా కూర్చుండి, నీ పని ఏల మిగిలిపోయినదని అడుగవలెను. ఇంట రోగులుండవచ్చును; పాఠమే అర్థము కాకపోవచ్చును. అడిగి, తోడ్పడి, ఆపైన ఉన్నదున్నట్లు వ్రాసినవాడే నిజమైన మిత్రుడు.