చేసి యిచ్చిన బండి

దానము, కానుక, చదివింపు: మూడును ఇచ్చుటయే యైనను మూడును ఒకటి కావు. దానమునకు పాత్రుని వెదకుదుము. చదివింపునకు పుస్తకము తెరతుము. పెండ్లిపందిటిలో ఎవరెంత చదివించిరో వ్రాసికొని, వారింట శుభకార్యము వచ్చినపుడు అంతకు తగ్గకుండ చెల్లించుట మన సీమలో వాడుక. కన్నడమువారు దీనిని ముయ్యి యందురు. ఇది అప్పువంటిదే యైనను ఇందు సిగ్గుపడవలసిన దేమియు లేదు. దీని యాసరాతోనే గట్టెక్కిన పెండ్లిండ్లు ఎన్ని లేవు! కాని కానుక సంగతి వేరు. ముఖ్యముగా ఇంటివారికి ఇంటివారు తమ చేతులతో చేసి యిచ్చు కానుక. అది ఎప్పుడు ఇచ్చినట్లగును? చేసినవాని చేయి దానిమీదనుండి ఎప్పుడు తొలగును? ఈ ప్రశ్నను మేము ఒక ఆటబండి నాధారముగా గొని విచారింప దలచితిమి.

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో ఎన్నో యిండ్లలో ఇంట తెలుగు, బడిలో కన్నడము. సోమేనహళ్ళిలో అట్టి యిల్లొకటి యనుకొందము. ఆ యింటి పెద్ద లారీ తోలి సంసారము నీదినవాడు. చింతామణిలో టమాటా పెట్టెలెత్తుకొని, బాగేపల్లికడ పెద్దరోడ్డెక్కి, ఉత్తరమునకు సాగిన రాత్రులు అతనికి లెక్కలేనన్ని. ఇప్పుడు కన్ను మందగించి యింట నున్నాడు. మనుమని పుట్టినరోజునకు, రేడియోతో నడచు చిన్నలారీని కొనక, తానే చేసి యీయ బూనినాడనుకొందము.

ఆ పని చిన్నది కాదు. ఇట్టి నమూనాలకు పదునాలుగవ వంతు కొలత బహుళముగ వాడుకలో నున్నది. 8.4 మీటర్ల లారీ 60 సెంటీమీటర్లగును. పొడవు పదునాలుగవ వంతైనంత మాత్రమున బరువు గూడ పదునాలుగవ వంతు కాదు. 14ను 14తో, మరల 14తో హెచ్చింపగా వచ్చు 2,744వ వంతు. రెండిరుసుల లారీకి సరకుతో గూడ 18.5 టన్నులు మోయు ననుమతి 2018లో వచ్చినది. ఆ లెక్కన మన బండి ఆరుముప్పాతిక కిలోలు తూగవలెను. లారీ గంటకు 60 కిలోమీటర్లు పోయినచో, ఇది చూపునకు తగినట్లు నాలుగింటికి కొంచెము పైన, అనగా మనిషి నడకతో పోవలెను. మోటారు వడిని పండ్లచక్రములతో తగ్గించి బలముగా మార్చుటలోనే సగము విద్య యున్నది. మలుపు త్రిప్పుటకు సర్వో యను చిన్నమోటారు వేరుగా నుండును. దానికి సెకనుకు 50 మారులు ఒక విద్యుత్ స్పందనము పోవును. అది ఒకటిన్నర మిల్లీసెకన్లున్నచో చక్రములు తిన్నగా నిలుచును. ఒకటికి తగ్గిన ఒక ప్రక్కకు, రెండింటికి పెరిగిన వేరొక ప్రక్కకు తిరుగును. జగదీశచంద్ర బోసు 1895లో కలకత్తాలో కంటికి కనబడని తరంగములతో దూరముననున్న గంటను మ్రోగించెను. 1898లో టెస్లా న్యూయార్కులో పడవను నడిపి చూపెను. ఆ తరంగములే నేడు పిల్లవాని గుప్పిటిలోని పెట్టెనుండి వెలువడుచున్నవి. మైసూరులో 1935లో గోపాలస్వామిగారు నెలకొల్పిన రేడియో కేంద్రమునకు ఆకాశవాణి యని పేరు. ఇది మాటలాడని ఆకాశవాణి యనవచ్చును.

తాత నెలల తరబడి ఇరుసులు కోసి, తలుపులకు బందులు పెట్టి, తన పాతలారీ ముందు వ్రాయించుకొన్న పేరునే దీని నుదుటను వ్రాసెను. ఇంతకును ఎవరికొరకు చేసినట్లు? మనుమనికొరకా, పోయిన తన వయసుకొరకా? రెండవది కొంత కలసినంతమాత్రమున కానుక చెడునని మేమనము. సంతోషము లేక చేసిన వస్తువులో సొగసుండదు. ప్రత్యుపకారము చేయజాలనివానికి ఇచ్చినదే సాత్త్వికదానమని గీత పదునేడవ అధ్యాయము చెప్పుచున్నది. మనుమడు డబ్బుతో తిరిగి యీయజాలడు గాని, మెప్పుతో ఈయగలడు. తాత కోరునదియు నదియే. ఇచ్చినవాని యంశ వస్తువులో నిలిచి తిరిగి రాజూచునని మావోరీల నమ్మికగా మార్సెల్ మోస్ అను ఫ్రెంచి పండితుడు 1925లో వ్రాసెను. ఇంటి కానుకలలో ఆ యంశ మరింత గట్టిది.

చేతితో చేసినదే గొప్పదని వాదించువారు మృచ్ఛకటికములోని రోహసేనుని తలచుకొనవలెను. పొరుగు బాలుని బంగారుబండితో ఆడిన పిల్లవానికి, అది తిరిగి పోయిన పిమ్మట, దాసి రదనిక మట్టిబండి చేసి యిచ్చినది. వాడు దానిని చూచి యేడ్చినాడు. ఆమె ప్రేమలో లోపము లేదు. వాడు కోరినది అది కాదు, అంతే. వసంతసేన తన నగలు తీసి ఆ మట్టిబండిని నింపినది. ఆ నగలే తరువాత న్యాయసభలో విదూషకుని యొద్దనుండి జారిపడి, పిల్లవాని తండ్రికి మరణదండనము తెచ్చినంత పని చేసినవి. ఇచ్చినవారి మనస్సు ఎంత మంచిదైనను కానుక వారు గీచిన గీతపై నడవదు.

మన తాత కథలోను ఇంతే. అరుగుమీద నున్నగా నడిపి చూపవలెనని ఆయన కోరిక. మనుమనికి అందులో తడిమట్టి నింపి చెరువుగట్టున తోలవలెనని కోరిక. ‘వద్దురా, విరగ్గొడతావు, నేను నడిపి చూపిస్తా’నని తాత పెట్టె తీసికొనును. ‘నాకిచ్చినావు కదా తాతా’ అని వాడడుగును. ఇసుక పడిన పండ్లు అరుగుననుట నిజమే. నీరు తగిలిన సర్వో చెడుననుటయు నిజమే. నమూనా విమానములు నేర్పునపుడు గురువు పెట్టెకు శిష్యుని పెట్టెను కలిపి, గురువు మీట వదలిన క్షణమున అధికారము గురువునకే తిరిగి వచ్చునట్లు అమర్తురు. విమానము ఎవరి నెత్తిమీదనైన పడవచ్చును గనుక అది న్యాయమే. మనిషి నడకతో పోవు ఆటలారీకి ఆ మీట యెందులకు? అపాయము లేనిచోట దానిని పట్టుకొనియుండుటను జాగ్రత్త యనుట మాకు సమ్మతము కాదు. వస్తువు నిచ్చి యాజమాన్యమును అట్టిపెట్టుకొనుట యందుము. చదివింపుల పుస్తకమునందైనను లెక్క బహిరంగముగ నుండును.

కనుక బండితోపాటు పెట్టెయు, పెట్టెతోపాటు రెండు జతల పండ్లచక్రములు, మరలు విప్పు పుల్లయు ఈయవలెను. చెడినపుడు విప్పి చూచు హక్కు గూడ కానుకలోనిదే గదా. ముద్దెనహళ్ళిలో విశ్వేశ్వరయ్య పుట్టిన జిల్లాలో పిల్లవానికి మరలు విప్పుట నేర్పుటకు వెనుదీయ నేల? ఇక నుదుటి పేరు మాట. కొన్నాళ్ళకు మనుమడు దానిని తుడిచి, బడిలో నేర్చిన కన్నడ లిపిలో తన కిష్టమైన పేరు వ్రాసికొన దలచవచ్చును. అప్పుడు ఆ పాత రంగును గోకుటకు గరుకుకాగితము ఇంటిలో ఎక్కడ నున్నదో తాతకే తెలిసియుండును. లేచి వెదకి యీయవలసినదియు ఆయనయే.