పనికిరానివాడు అనే ముందు

ధ్యాన భాగము: ఫిలేమోను 1:8-18



కువైట్‌లో మనం శుక్రవారం దేవుని స్తుతించి, ఆదివారం ఉదయం ఆఫీసులో కూర్చుంటాము. అదే నోరు అక్కడ ఏమి మాట్లాడుతోంది? ఈ దేశంలో మన అకామా ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. ఒక సహోద్యోగి గురించి "ఇతను దేనికీ పనికిరాడు" అని మేనేజరుకు మనం పంపే ఒక్క మెయిలు, ఊళ్లో అతని మీద ఆధారపడిన కుటుంబం వరకు వెళ్తుంది.

ఒనేసిము ఒక దాసుడు. యజమాని ఫిలేమోను దృష్టిలో అతడు పనికిరానివాడు. చెరసాలలో నుండి పౌలు అతని గురించి రాసిన ఉత్తరం 25 వచనాలే. అందులో మన ఆఫీసు మాటకు మూడు పాఠాలున్నాయి.

మొదటిది, ఆజ్ఞాపించే అధికారం ఉన్నా పౌలు ప్రేమతో వేడుకున్నాడు (8, 9). టీమ్ లీడ్‌గా ఉన్నవారు ఇది గమనించాలి. "రిపోర్టు ఎందుకు పంపలేదు?" అనే బదులు "రిపోర్టు ఇంకా రాలేదు, ఎక్కడ ఆగింది?" అని అడగవచ్చు. పని అదే జరుగుతుంది, మనిషి నలిగిపోడు.

రెండవది, పౌలు గతాన్ని దాచలేదు. ఒకప్పుడు నిష్ప్రయోజకుడే అని ఒప్పుకొని, ఇప్పుడు నీకూ నాకూ ప్రయోజకుడని రాశాడు (11). ఒనేసిము అనే పేరుకు అర్థమే ప్రయోజకుడు. మంచి మాట అంటే ముఖస్తుతి కాదు. తప్పును తప్పని చెప్పాలి, మనిషిలోని మేలును కూడా అదే మెయిలులో చెప్పాలి.

మూడవది, అతని బాకీ తన లెక్కలో వేసుకొమ్మన్నాడు (18). ఇది ఖర్చుతో కూడిన మాట. ప్రాజెక్టు ఆలస్యమైనప్పుడు జూనియర్ పేరు ముందుకు తోయకుండా "ఇది మా టీమ్ బాధ్యత" అనగలమా? సిలువ మీద మన ప్రభువు మన లెక్కను తనమీద వేసుకున్నాడు గనుక మనము అనగలము.

ఇళ్లలో, డ్రైవింగులో, క్లీనింగులో పనిచేస్తూ రోజంతా కఠినమైన మాటలు వినే ప్రియులారా, మనుషులు మీకు పెట్టిన పేరు దేవుడు మీకు పెట్టిన పేరు కాదు.

ఈ ఆదివారం పంపే మొదటి మెయిలును పంపేముందు ఒకసారి చదువుకుందాము. అందులో పేరున్న మనిషి కోసం ప్రార్థించి, ఆ తరువాతే పంపుదాము.

ప్రభువా, మా పెదవులకు కావలి ఉంచుము. ఆమేన్.